డ్యూటీ నేర్పే వీడియో గేమ్‌లు: సైన్యం, పోలీస్, ఫైర్ శిక్షణలో నిజంగా పనికొస్తున్నాయా?

#1 కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక గేమ్ స్టూడియోలో ఎనిమిదేళ్లుగా లెవెల్ డిజైనర్‌గా చేస్తున్నాను. గేమ్‌లో వీధి ఎంత వెడల్పుండాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి, ఆడేవాడు మలుపు తిరగ్గానే ఏం కనపడాలి, ఇవన్నీ చూసుకునే పని. సంక్రాంతికి ఊరెళ్తే మా పెద్దనాన్న, రిటైర్డ్ ఎస్సై, పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు: "ఒరేయ్, నీ బొమ్మలాట మా కానిస్టేబుల్‌కి ఏమన్నా పనికొస్తుందా?" ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నాను.

నన్ను బాగా పట్టేసింది 1996 నాటి సంగతి. అమెరికా మెరైన్ దళానికి క్వాంటికోలో ఒక సిమ్యులేషన్ విభాగం ఉండేది, అంటే నిజంలాంటి పరిస్థితిని యంత్రం మీద సృష్టించి నేర్పే విభాగం. మార్కెట్లో అమ్మే గేమ్‌లలో శిక్షణకు పనికొచ్చేవి ఏమున్నాయో చూడమని లెఫ్టినెంట్ స్కాట్ బార్నెట్‌కి పని అప్పగించారు. ఆయన, సార్జెంట్ డాన్ స్నైడర్ కలిసి అప్పటికే అందరూ ఆడుతున్న డూమ్ 2 అనే రాక్షసుల్ని కాల్చే గేమ్ తీసుకున్నారు. రాక్షసుల్ని తీసేశారు. పిల్లలు ఆడుకునే జీఐ జో సైనికుల బొమ్మల్ని స్కాన్ చేసి శత్రువులుగా పెట్టారు. బంకర్లు, ముళ్ల కంచెలు కట్టారు. నలుగురు ఆడాలి: టీమ్ లీడర్, ఆటోమేటిక్ తుపాకీ పట్టేవాడు, అతని సహాయకుడు, రైఫిల్‌మన్. గుళ్లు లెక్కగా ఇస్తారు, ఎలా పడితే అలా కాలిస్తే అయిపోతాయి. మనవాడికి తగిలితే మనవాడే పోతాడు. దాన్నే మెరైన్ డూమ్ అన్నారు.

మరుసటి ఏడాది, 1997లో, మెరైన్ దళాధిపతి జనరల్ చార్లెస్ క్రులాక్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. యుద్ధంలో ఆలోచించి నిర్ణయం తీసుకోవడం సాధన చేయడానికి కంప్యూటర్ గేమ్‌లు కూడా వాడుకోవచ్చని.

ఆ గేమ్ బొమ్మలు చూస్తే ఇప్పటి పిల్లలు ఐదు నిమిషాలు కూడా ఆడరు. అయినా అది ఏదో నేర్పింది. ఏం నేర్పింది? యూనిఫాం వేసుకున్నవాళ్లు, వేసుకుని దించినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, మీరు చెప్పాలి.

#2 గోదారి గేమర్

అన్నా, సూపర్ టాపిక్. నాకు తెలిసినవి కొన్ని.

2001లో ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ అని ఒక గేమ్ వచ్చింది, చెక్ దేశానికి చెందిన బొహీమియా ఇంటరాక్టివ్ వాళ్లది. కిలోమీటర్ల కొద్దీ ఖాళీ మైదానం, ఎక్కడినుంచి తూటా వచ్చిందో కూడా తెలియకుండా చచ్చిపోతాం. మామూలు గేమర్లకి విసుగు, సైన్యాలకి మాత్రం అదే నచ్చింది. ఆ గేమ్ ఇంజిన్ (గేమ్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్) నుంచే వీబీఎస్ అనే శిక్షణ సాఫ్ట్‌వేర్ పుట్టింది. అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ సైన్యాలు వాడాయి. ఇరాక్‌లో కాన్వాయ్‌ల మీద దాడులు ఎక్కువైనప్పుడు అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఇదే ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ మీద డార్‌వార్స్ ఆంబుష్ చేయించింది. దారిలో బాంబు పేలితే బండి ఆపాలా, దూసుకుపోవాలా అనేది సాధన చేయించడానికి.

ఇంకొకటి. 2018లో అమెరికా నౌకాదళంలో చేరిన యూఎస్ఎస్ కొలరాడో జలాంతర్గామిలో పెరిస్కోప్ బదులు కెమెరాలున్న మాస్ట్ (పైకి లేచే స్తంభం) ఉంటుంది. దాన్ని తిప్పడానికి ముందు వాడిన జాయ్‌స్టిక్, ప్యానెల్ కలిపి దాదాపు 38,000 డాలర్లు. దాని స్థానంలో 30 డాలర్ల లోపు దొరికే ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ పెట్టారు. చిన్నప్పటినుంచి ఆడినవాళ్లే కాబట్టి కుర్రాళ్లకు నేర్పే పని దాదాపు లేకుండా పోయింది.

మన దగ్గర 2019లో వాయుసేన "ఎ కట్ అబవ్" అని మొబైల్ గేమ్ విడుదల చేసింది. అది శిక్షణకి కాదు, కుర్రాళ్లకు వాయుసేన మీద ఆసక్తి కలిగించడానికి. నేను ఆడాను, బాగుంది.

#3 లెక్కల మాస్టారు

కృష్ణాతీరం బాబూ, ప్రశ్న బాగుంది. కానీ "వీడియో గేమ్" అన్న మాట దగ్గర ఆగిపోతే అసలు సంగతి కనపడదు. దీని మూలం ఇంకా వెనక్కి ఉంది. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు గాలి పీడనం చెప్పేటప్పుడు ఏటా ఈ కథ చెబుతాను.

అమెరికాలో ఎడ్విన్ లింక్ అని ఒకాయన. వాళ్ల నాన్నకి పియానోలు, ఆర్గాన్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. కొడుక్కి విమానాల పిచ్చి. పాఠాలకు డబ్బు చాలక, ఆర్గాన్‌లో వాడే గాలి తిత్తులతోనే ఒక చిన్న చెక్క విమానం కట్టాడు. మన హార్మోనియంలో వెనక తిత్తి ఉంటుంది చూశారా, అలాంటివే. స్టిక్ లాగితే తిత్తుల్లో గాలి పీడనం మారి పెట్టె ముక్కు పైకి లేస్తుంది. పక్కకి తోస్తే వాలుతుంది. 1929 నాటికి తయారైంది. కొనేవాళ్లు లేరు. చివరికి సరదా పార్కుల్లో పిల్లలు ఎక్కే బొమ్మగా అమ్ముకున్నాడు.

1934లో అమెరికా ప్రభుత్వం ఎయిర్ మెయిల్ పనిని సైన్యానికి అప్పగించింది. చలికాలం, మంచు, మబ్బు. పరికరాలు మాత్రమే చూస్తూ నడపడం ఆ పైలట్లకు సరిగా రాదు. కొన్ని వారాల్లోనే పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున 6 లింక్ ట్రైనర్లు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపు లక్షల మంది ఆ పెట్టెల్లో కూర్చుని నేర్చుకున్నారు.

ఆ పెట్టెకి కిటికీ ఉండదు. మూత వేసేస్తే లోపల చీకటి, ఎదురుగా నాలుగు డయల్ మీటర్లు. బొమ్మ ఎంత అందంగా ఉందన్న లెక్కే లేదు. కళ్లు, చెవులు అబద్ధం చెబుతున్నప్పుడు మీటర్‌ని నమ్మడం అనే ఒక్క విషయం నేర్పింది. అందుకే నా అనుమానం ఇది: ఇప్పటి గేమ్‌లు ఏ ఒక్క విషయం నేర్పుతున్నాయి? "యుద్ధం నేర్పుతుంది", "పోలీసింగ్ నేర్పుతుంది" అంటే నేను నమ్మను.

#4 గిద్దలూరు హవల్దార్

మాస్టారికి నమస్కారం. నేను ఈఎంఈలో, అంటే సైన్యం యంత్రాలు, ఆయుధాలు బాగుచేసే విభాగంలో, 22 ఏళ్లు చేసి వచ్చాను. ఆఖరి పోస్టింగ్ సికింద్రాబాద్. ఆర్మీ సిమ్యులేటర్ డెవలప్‌మెంట్ డివిజన్ అక్కడే ఉంది. హైదరాబాద్‌లోనే 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ కూడా ఫైరింగ్, డ్రైవింగ్, ట్యాంకు సిమ్యులేటర్లు చేస్తుంది. అంటే ఈ విద్యకి మన ఊరు కొత్త కాదు.

నేను చూసింది చెబుతాను. ఫైరింగ్ సిమ్యులేటర్ గదిలో తుపాకీ నిజమైన తుపాకీ బరువే ఉంటుంది. బారెల్‌లో లేజర్. గ్యాస్‌తో భుజానికి దెబ్బ తగులుతుంది, అసలు దెబ్బంత కాదు. ఎదురుగా పెద్ద తెర. ఇక్కడిదాకా చూస్తే సరదా ఆటే.

మా దగ్గరకి ఒక రంగ్రూట్, అంటే కొత్తగా చేరిన కుర్రాడు, వచ్చాడు. రేంజ్‌లో అతని గుళ్లన్నీ టార్గెట్‌కి ఎడమ కింద మూలలో పడేవి. ఉస్తాద్‌లు (శిక్షకులు) తిట్టారు, పరిగెత్తించారు, ఎన్నిసార్లు కాల్పించినా అంతే. గ్రూపింగ్ బాగానే ఉంది, అన్నీ ఒకే చోట పడుతున్నాయి, కానీ తప్పు చోట. సిమ్యులేటర్ మీద పడుకోబెట్టి కాల్పించాం. ట్రిగ్గర్ నొక్కే ముందు బారెల్ ఎటు తిరిగిందో తెర మీద గీతలా వస్తుంది. గీత గుండ్రటి చుక్క మీద నిలకడగా ఉంది, ఉంది, ఉంది. ఆఖరి క్షణంలో, గుండు వెళ్లకముందే, ఎడమ కిందకి జారింది. అంటే చప్పుడుకి భయపడి ముందే బిగుసుకుపోతున్నాడు. ఆ గీత అతనికి చూపించాం. ఎవరూ ఒక్క మాట అనలేదు. కాసేపు తెర వంక చూసి "సార్, నేనే లాగేస్తున్నా" అన్నాడు. గ్యాస్ ఆపేసి, దెబ్బ లేకుండా 50 సార్లు నొక్కించాం. తర్వాత గ్యాస్ పెట్టాం. వారం తర్వాత రేంజ్‌లో గుళ్లు మధ్యలోకి వచ్చాయి.

మాస్టారూ, మీరడిగిన ఆ "ఒక్క విషయం" అదే. రేంజ్‌లో గుండు ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఎందుకు పడిందో ఇక్కడ కనపడింది.

అయితే కీడు కూడా చూశాను. గేమ్ బాగా ఆడే కుర్రాళ్లు చెక్క తలుపు వెనక నక్కితే చాలనుకునేవాళ్లు. గేమ్‌లో తలుపు తూటాని ఆపుతుంది. నిజంగా ఆపదు. గేమ్‌లో సగం మ్యాగజైన్ కాల్చి బటన్ నొక్కితే మళ్లీ నిండిపోతుంది. అసలు తుపాకీతో ఆ అలవాటు ప్రాణం తీస్తుంది. సిమ్యులేటర్ తప్పు నేర్పితే దాన్ని మాన్పించడానికి, కొత్తగా నేర్పడానికి పట్టే దానికంటే ఎక్కువ టైం పడుతుంది.

#5 గోదారి గేమర్

హవల్దార్ గారూ, తలుపు సంగతి నాకెప్పుడూ తట్టలేదు. నేను ఆడే గేమ్‌లలో రేకు డ్రమ్ము కూడా తూటాలు ఆపేస్తుంది. కృష్ణాతీరం అన్నా, మీరు గోడలు పెట్టేటప్పుడు ఇది ఆలోచిస్తారా?

#6 కృష్ణాతీరం

ఆలోచిస్తాం తమ్ముడూ, కానీ తిరగేసి. ఆడేవాడికి దాక్కునే చోటు దొరకాలి, లేకపోతే విసుగొచ్చి వదిలేస్తాడు. నడుం ఎత్తు గోడ కనపడితే "ఇక్కడ నువ్వు క్షేమం" అని మేం మాటిచ్చినట్టు. హవల్దార్ గారు చెప్పాక ఆ మాట ఎంత ప్రమాదమో అర్థమైంది. శిక్షణ గేమ్‌లో ఆ మాట ఇవ్వకూడదు. ఇంజిన్ ఒకటే కావచ్చు, గోడ మాత్రం వేరుగా కట్టాలి.

#7 డల్లాస్ పద్మ

ఆలస్యంగా చూశాను. నేను ఇక్కడ టెక్సాస్‌లో కార్పొరేట్ శిక్షణ కోర్సులు తయారుచేసే పనిలో ఉన్నాను. సైన్యం గురించే ఎక్కువ మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకో రెండు చేరుస్తాను.

ఇక్కడి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ, సైన్యం కలిసి ఎడ్జ్ అనే శిక్షణ వేదిక చేశాయి. అన్‌రియల్ ఇంజిన్ మీద. మొదట సాక్రమెంటోలోని 26 అంతస్తుల హోటల్ నమూనా కట్టారు. పోలీసులు, ఫైర్ వాళ్లు, అంబులెన్స్ వాళ్లు ఎవరి కంప్యూటర్ దగ్గర వాళ్లు కూర్చుని ఒకే సంఘటనలోకి దిగుతారు. తర్వాత 2018 ప్రాంతంలో బడి నమూనా తెచ్చారు. అందులో టీచర్ పాత్ర కూడా ఉంది. తుపాకీ పట్టుకున్నవాడు బడిలోకి వస్తే టీచర్ గది తాళం వేయాలా, పిల్లల్ని తీసుకుని పరిగెత్తాలా అని ఆలోచించాలి. మా పాప ఇక్కడ బడికి వెళ్తుంది. దాని గురించి చదువుతుంటే నాకు చేతులు వణికాయి. అలాంటి శిక్షణ అవసరమైన రోజు రావడం బాధే. కానీ వచ్చింది కాబట్టి, ఆ టీచర్ మొదటిసారి ఆలోచించేది ఆ క్షణంలో కాకుండా ముందే ఆలోచించి ఉండాలని నేను కోరుకుంటాను.

రెండోది అమెరికాస్ ఆర్మీ. 2002 జులై 4న ఇక్కడి సైన్యం ఉచితంగా విడుదల చేసిన గేమ్. మాంటెరీలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో తయారైంది. అందులో మెడిక్ (గాయపడ్డవాళ్లకు చికిత్స చేసే సైనికుడు) కావాలంటే తుపాకీ పట్టి తిరిగితే కుదరదు. గేమ్ లోపలే క్లాస్‌రూమ్ ఉంటుంది. బెంచీ మీద కూర్చుని పాఠం వినాలి, తర్వాత పరీక్ష రాయాలి, ఫెయిలైతే మళ్లీ కూర్చోవాలి. 2007లో నార్త్ కరొలైనాలో హైవే మీద ఒక కారు బోల్తా పడితే, అటు వెళ్తున్న ఒకాయన ఆగి లోపలివాళ్లను బయటికి తీశాడు. ఒకాయనకి వేళ్లు తెగి రక్తం పోతోంది. తువ్వాలు గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోమని చెప్పాడు. ఎక్కడ నేర్చుకున్నావంటే ఆ గేమ్ క్లాస్‌లో అన్నాడు. ఆయన సైనికుడు కాదు, మామూలు మనిషి.

నా దృష్టిలో ఆ గేమ్ మొత్తంలో గొప్ప భాగం ఆ క్లాస్‌రూమే.

#8 సుజాత, వరంగల్

పద్మ గారూ, ఆ తువ్వాలు సంగతి చదివి సంతోషించాను. కానీ ఒక మాట అడగాలి. నాకు ఇంటర్ చదివే కొడుకున్నాడు. అమెరికాస్ ఆర్మీ ప్రధానంగా కుర్రాళ్లను సైన్యంలో చేర్చుకోవడానికి చేసిన గేమ్ కదా. 13 ఏళ్ల పిల్లలు కూడా ఆడగలిగేలా, రక్తం దాదాపు కనపడకుండా చేశారు. 2009 వరకు దాని మీద పెట్టిన ఖర్చు 3 కోట్ల 28 లక్షల డాలర్లు. ప్రభుత్వ సొమ్ముతో పిల్లాడి గదిలోకి వెళ్లి, యుద్ధం శుభ్రంగా ఉంటుందని చూపించడం నాకు తప్పుగానే అనిపిస్తుంది. 2022 మేలో దాని సర్వర్లు ఆపేశారు. నాకేం బాధ అనిపించలేదు.

ఈ బాధ పడ్డవాళ్లు గేమ్ తయారుచేసేవాళ్లలో కూడా ఉన్నారు. 1980లో అటారీ కంపెనీ బ్యాటిల్‌జోన్ అనే ట్యాంకు గేమ్ తెచ్చింది. నల్ల తెర మీద పచ్చ గీతలు. అది చూసి సైన్యం తరఫున వచ్చినవాళ్లు బ్రాడ్లీ అనే యుద్ధ వాహనానికి గన్నర్లను తయారుచేసే రూపం అడిగారు. దాన్ని సృష్టించిన ఎడ్ రాట్‌బర్గ్‌కి ఇష్టం లేదు. ఒత్తిడి మీద ఒప్పుకున్నాడు, కానీ ఇకముందు సైనిక పనులు తనకి అప్పగించకూడదని మాట తీసుకుని చేశాడు. తయారైనవి రెండు మెషిన్లే.

ఎవరినీ తప్పు పట్టడం లేదు. హవల్దార్ గారిలాంటి వాళ్ల వల్లే మనం నిద్రపోతున్నాం. కానీ నేర్పడం వేరు, రుచి మరిగించడం వేరు.

#9 లెక్కల మాస్టారు

సుజాత గారూ, "నేర్పడం వేరు, రుచి మరిగించడం వేరు" అన్నది నా నోటుబుక్కులో రాసుకున్నాను. బ్రాడ్లీ ట్రైనర్‌లో ఒక విశేషం ఉంది. మామూలు గేమ్‌లో కనిపించిన ప్రతి ట్యాంకునీ పేల్చాలి. ఆ ట్రైనర్‌లో మాత్రం మనవాళ్ల వాహనాలు కూడా వస్తాయి. ఆకారం చూసి పోల్చుకోవాలి. కాల్చకుండా ఆగడం కూడా నేర్పే లెక్కలో చేరింది. సరదా గేమ్‌కీ శిక్షణకీ మధ్య గీత నాకు అక్కడే కనపడుతోంది.

#10 గిద్దలూరు హవల్దార్

సుజాతమ్మా, నువ్వన్నది నిజం. నా కొడుక్కి కూడా నేను యుద్ధం గేమ్ కొనివ్వలేదు.

ఒక్క సంగతి చెబుతాను, పద్మ తల్లికి ఇంకా బాగా తెలిసి ఉంటుంది. 2004లో ఎక్స్‌బాక్స్ కోసం ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్ అని గేమ్ వచ్చింది. అమెరికా సైన్యం డబ్బుతో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్రియేటివ్ టెక్నాలజీస్ ద్వారా మొదలైన పని. ఇరాక్‌లాంటి ఊరు, సందులు, దుమ్ము. అవే బొమ్మల్ని, అవే వీధుల్ని తర్వాత స్కిప్ రిజ్జో అనే సైకాలజిస్టు తీసుకుని వర్చువల్ ఇరాక్ చేశాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చి నిద్రపట్టని సైనికుల కోసం. కళ్లకి తెర కడతారు. కాళ్ల కింద పలక అదురుతుంది. డీజిల్ వాసన, కాలిన మందు వాసన వదులుతారు. డాక్టర్ పక్కనే ఉండి, ఆ మనిషి తట్టుకోగలిగినంతే కొంచెం కొంచెంగా పెంచుతాడు. అతను లోపల దాచుకున్న రోజుని బయటికి చెప్పేదాకా.

నాతో పనిచేసిన ఒకతను, పేరు చెప్పను, కొండల్లో డ్యూటీ చేసి వచ్చాక దీపావళికి ఊళ్లో ఉండేవాడు కాదు. పండగ మూడు రోజులూ టపాసులు వినపడని చోటికి, పొలం దగ్గర బావి గట్టుకి వెళ్లిపోయేవాడు. ఎవరికీ చెప్పలేదు, పదేళ్లు. అలాంటివాడికి ఈ యంత్రం దొరికుంటే అని నేను చాలాసార్లు అనుకున్నాను. యుద్ధానికి పంపేటప్పుడు వాడిన ఊరినే, తిరిగొచ్చాక మనిషిని బాగుచేయడానికి వాడారు. ఈ టెక్నాలజీ మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

#11 తెనాలి ఫైర్

నమస్కారం. నేను లీడింగ్ ఫైర్‌మన్‌ని. ఊరికే చదువుతూ ఉన్నాను, మాస్టారు "ఏ ఒక్క విషయం" అన్నాక రాయాలనిపించింది.

మా పనిలో గేమ్ నేర్పలేనివి చాలా ఉన్నాయి. బీఏ సెట్ (శ్వాసకి గాలి ఇచ్చే సిలిండర్) వీపున వేసుకుని మోకాళ్ల మీద పాకితే శ్వాస ఎంత త్వరగా అయిపోతుందో గేమ్ చెప్పదు. తలుపు ముట్టుకునే ముందు చేతి వెనక భాగం పెట్టి వేడి చూడాలి, ఆ వేడి గేమ్‌లో ఉండదు. నీళ్లు నిండిన హోస్ బరువు గేమ్‌లో ఉండదు. ఇవి డ్రిల్ గ్రౌండ్‌లోనే రావాలి.

కానీ మేం తప్పు చేసేది ఎక్కువగా అక్కడ కాదు. కొన్నేళ్ల క్రితం, దీపావళికి ముందు, నేను అప్పుడు పనిచేస్తున్న ఊళ్లో రాత్రి పదకొండు తర్వాత బట్టల గోడౌన్ అంటుకుంది. కాల్ వచ్చింది, బయల్దేరాం. మెయిన్ బజారు నుంచి సందులోకి బండి తిప్పాం, అదే దగ్గర దారి కాబట్టి. సందు మధ్యలో సరుకు దింపి వదిలేసిన ట్రాక్టర్ ట్రాలీ. వెనక్కి తీయబోతే కరెంటు స్తంభాన్ని లాగి పట్టే స్టే వైరు. బండి ఇరుక్కుపోయింది. చివరికి హోస్‌లు ఒకదానికొకటి కలుపుకుంటూ సందంతా పరిచి నీళ్లు కొట్టాం. ఇంతలో రెండో బండి వచ్చి మా వెనకే ఆగింది, ఎందుకంటే మేం ఇరుక్కున్నామని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నేను బ్రాంచ్ (హోస్ చివర నీళ్లు చిమ్మే గొట్టం) పట్టుకున్నాను, నేను చెప్పాలని తట్టలేదు. ఇంకొకరు చెప్పి ఉంటారనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం. వెనక కాలవ గట్టు మీదుగా వెడల్పైన దారి ఉంది, ఆ గట్టు మీద నుంచి వస్తే గోడౌన్ వెనక గోడ దగ్గరికి చేరొచ్చు. మాలో ముగ్గురికి ఆ దారి తెలుసు. ఎవరికీ ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

మనుషులెవరూ పోలేదు, వాచ్‌మన్ పక్క డాబా మీదకి దూకి బతికాడు. గోడౌన్ మొత్తం పోయింది. యజమాని పొద్దున దాకా రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

అక్కడ మాకు లోపించింది ధైర్యం కాదు, బలం కాదు. ఎటునుంచి వెళ్లాలి, గాలి ఎటు ఉంది, నీళ్లు ఎక్కడ, రెండో బండికి ఎవరు చెప్పాలి. ఇది నేర్చుకోవడానికి మాకు ఇంకో గోడౌన్ కాలాలా?

#12 డల్లాస్ పద్మ

అన్నయ్యా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. సరిగ్గా దీనికోసమే యూరప్ ఫైర్ సర్వీసుల్లో ఎక్స్‌వీఆర్ అనే శిక్షణ సాఫ్ట్‌వేర్ వాడతారు, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నుంచి వచ్చింది. అందులో మంట ఆర్పడం నేర్పరు. ఆఫీసర్ బండి దిగి జాయ్‌స్టిక్‌తో భవనం చుట్టూ నడుస్తాడు. పొగ రంగు చూస్తాడు, వాకీటాకీలో చెప్పాలి: ఏం కనపడుతోంది, ఏం కావాలి, ఎవరు ఎటు. శిక్షకుడు పక్క గదిలో ఉండి గాలి దిక్కు మార్చేస్తాడు, రెండో అంతస్తు కిటికీలో ఒక మనిషిని పెడతాడు. న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌తో కలిసి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు చేసిన హాట్‌జోన్ కూడా ఇలాంటిదే, రసాయనాలు లీకైన చోట ఎలా మెలగాలో నేర్పడానికి.

నా అనుభవంలో ఒక్కటి ఖాయంగా చెబుతాను. ఆట 15 నిమిషాలైతే, ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోవడం 45 నిమిషాలు ఉండాలి. రికార్డు వెనక్కి తిప్పి "ఇక్కడ నీకు ట్రాలీ కనపడింది, ఎందుకు తిప్పావు?" అని అడగాలి. తిట్టకూడదు. హవల్దార్ గారు ఆ కుర్రాడికి గీత చూపించినట్టు చూపించాలి. డార్పా 1983లో సిమ్‌నెట్ మొదలుపెట్టింది, దూరదూరంగా ఉన్న ట్యాంకు సిమ్యులేటర్లను నెట్‌వర్క్‌తో కలిపింది. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో 73 ఈస్టింగ్ అనే చోట ట్యాంకుల యుద్ధం జరిగితే, తర్వాత అక్కడికి మనుషుల్ని పంపి, బండి చక్రాల జాడలు చూసి, సైనికుల్ని అడిగి, ఆ యుద్ధాన్ని సిమ్యులేషన్‌లో మళ్లీ కట్టారు. జరిగిపోయినదాన్ని ఏ కోణంలోంచైనా ఆపి చూడొచ్చు. ఊహించిన శత్రువు కంటే జరిగిన సంఘటన ఎక్కువ నేర్పింది.

మీ గోడౌన్ కూడా అలా కట్టొచ్చు.

#13 గోదారి గేమర్

వీఆర్ హెడ్‌సెట్‌లో, అదే కళ్లకి కట్టుకునే తెరలో, చేస్తే అదిరిపోతుంది కదా!

#14 కృష్ణాతీరం

తమ్ముడూ, వద్దు. అమెరికా సైన్యం 2021లో మైక్రోసాఫ్ట్‌తో కళ్ల ముందు బొమ్మలు చూపించే ఐవాస్ అనే కళ్లద్దాల కోసం పదేళ్లలో 2,188 కోట్ల డాలర్ల దాకా వెళ్లగల ఒప్పందం చేసుకుంది. 2022 పరీక్షల్లో సైనికులకు తలనొప్పి, కళ్లు లాగడం, వికారం వచ్చాయి. మా స్టూడియోలో కూడా హెడ్‌సెట్ పెట్టుకుని గంట పనిచేస్తే నాకు తల తిరుగుతుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఫైర్‌మన్‌కి అది పెట్టడం అన్యాయం. మామూలు ల్యాప్‌టాప్, మౌస్ చాలు. మెరైన్ డూమ్‌కి అంతకంటే ఏమీ లేదు.

తెనాలి అన్నా, నాకు మా పెద్దనాన్న అడిగిన ప్రశ్నకి జవాబు మీ పోస్టులో దొరికింది. ఇంజిన్ ఉచితంగా దొరుకుతుంది, శని ఆదివారాలు నావి. నేను కడతాను. పొగ, మంట బొమ్మలు మొదట గొప్పగా ఉండవు, పర్లేదు. నాకు కావలసింది కొలతలు. సందు వెడల్పు, స్తంభాలు ఎక్కడ, మీ బండి పొడవు, వెడల్పు, అది తిరగడానికి ఎంత చోటు కావాలి. దయచేసి గూగుల్ మ్యాప్ చూసి చెప్పొద్దు, నిజంగా టేపు పెట్టి కొలవండి. ఊరి పేరు, షాపుల పేర్లు గేమ్‌లో పెట్టను.

గేమర్ తమ్ముడూ, నువ్వు రెండో బండి డ్రైవర్‌గా ఆడు. నీకు వాకీటాకీలో ఎవరైనా చెప్పేదాకా ముందు బండి ఇరుక్కుందని నీకు తెలియకూడదు, నీ తెర మీద కనపడకూడదు. హవల్దార్ గారూ, ఏ గోడ దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపదో మీరు చూసి పెట్టాలి.

#15 గిద్దలూరు హవల్దార్

తప్పకుండా నాయనా. రేకు షట్టర్ వెనక ఎవర్నీ నిలబెట్టకు, మంటకి అది ముందు ఉబ్బి తర్వాత ఊడి పడుతుంది.

#16 సుజాత, వరంగల్

పాయింట్లు మాత్రం పెట్టొద్దు బాబూ. ఎవరికి ఎక్కువ వచ్చాయన్నది మొదలైతే మా వాడిలాంటి పిల్లలు దాని వెనకే పరిగెడతారు. వాచ్‌మన్ ఎక్కడున్నాడో ఎవరు అడిగారు అన్నది ఒక్కటి చూపించు చాలు.

#17 తెనాలి ఫైర్

డ్యూటీ దిగాక పాత ఊరికి వెళ్లి, నేను, ఇంకో ఇద్దరు కొలిచి వచ్చాం. షాపులవాళ్లు ఎందుకు అని అడిగారు, చెప్పాం. ఒకాయన టీ ఇప్పించి, టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు.

సందు ముఖం దగ్గర 11 అడుగుల 2 అంగుళాలు. 60 అడుగులు లోపలికి వెళ్లాక మెట్లు బయటికి వచ్చాయి, అక్కడ 9 అడుగుల 5 అంగుళాలు. మా బండి అద్దాలు వదిలేసి 8 అడుగుల 2 అంగుళాలు. స్తంభం మెట్లకి ఎదురుగా కాదు, ఆరు అడుగులు అవతల, స్టే వైరు సందులోకి వాలి ఉంది. ఆ రాత్రి నాకు స్తంభం ఎదురుగా ఉన్నట్టే గుర్తు, ఇన్నేళ్లూ అలాగే చెబుతూ వచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ మూల మీద, నేల నుంచి అరుగు మూడున్నర అడుగులు.

కాలవ గట్టు దారి 14 అడుగులు. మధ్యలో చిన్న తూము ఉంది, దాని మీద లారీలు వెళ్తున్నాయి. నీళ్లు నిండిన మా బండి బరువు ఆగుతుందో లేదో ఇంజనీర్‌ని అడిగి చెబుతాను. అది తెలిసేదాకా గేమ్‌లో ఆ దారి మూసే ఉంచు తమ్ముడూ.